గాఢ ఎసిటిక్ ఆమ్లం: గుణాలు, గ్రేడ్లు, వాడకాలు

గాఢ ఎసిటిక్ ఆమ్లం అంటే నీరు దాదాపు లేని ఎసిటిక్ ఆమ్లం. వెనిగర్‌కు పులుపునిచ్చేదీ ఇదే. వెనిగర్‌లో నూటికి నాలుగైదు పాళ్లు ఉంటే ఇందులో తొంభైతొమ్మిదికి పైగా ఉంటుంది. చూడటానికి నీళ్లలాగే రంగులేని ద్రవం, కానీ మూత తీస్తే ముక్కు అదిరే ఘాటు. చల్లబడితే మంచుగడ్డలా స్ఫటికమైపోతుంది. అందుకే దీన్ని గ్లేషియల్ ఎసిటిక్ ఆమ్లం అంటారు. రసాయన శాస్త్రపు క్రమబద్ధ నామం ఇథనోయిక్ ఆమ్లం. దీని అణువులో రెండు కార్బన్, నాలుగు హైడ్రోజన్, రెండు ఆక్సిజన్ పరమాణువులుంటాయి. అణుభారం 60.05.

ఈ ఆమ్లంతో పనిచేసేవారు రెండు ఉష్ణోగ్రతలు గుర్తుంచుకోవాలి. 16.6 డిగ్రీల సెల్సియస్ వద్ద ఇది గడ్డకడుతుంది. సుమారు 39 డిగ్రీల వద్ద దీని ఆవిరికి నిప్పు తగిలితే అంటుకుంటుంది. విశాఖపట్నం, కాకినాడ వంటి కోస్తా ఊళ్లలో మొదటి అంకెతో పని పడటం అరుదు. చత్తీస్‌గఢ్‌లోని రైల్వే పట్టణం బిలాస్‌పూర్‌లో మాత్రం ఏటా రెండూ దాటుతాయి. అక్కడ డిసెంబరు, జనవరి రాత్రుల్లో ఉష్ణోగ్రత పన్నెండు, పదమూడు డిగ్రీలకు దిగడం మామూలే. మే నెల మధ్యాహ్నాల్లో 45కు చేరడమూ అంతే మామూలు. ఒకే గదిలో, ఒకే క్యాన్‌లో ఉన్న ఆమ్లం సంక్రాంతినాటికి రాయిలా గట్టిపడి, రోహిణి కార్తెనాటికి నిప్పుకు వెరవాల్సిన ద్రవమవుతుంది. ఆ ఊరి ఎండా చలీ ఈ పదార్థపు స్వభావాన్ని బాగా బయటపెడతాయి కనుక ఈ వ్యాసంలో ఉదాహరణలు ఎక్కువగా అక్కడివే.

బిలాస్‌పూర్ తెలుగువారికి కొత్త ఊరు కాదు. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే అర్పా నది ఒడ్డునున్న ఈ ఊరిని జంక్షన్‌గా మార్చింది. ఆ కంపెనీ లైన్ల వెంబడి ఉత్తరాంధ్ర నుంచి ఎన్నో కుటుంబాలు ఖరగ్‌పూర్‌కు, బిలాస్‌పూర్‌కు పనికోసం వెళ్లి స్థిరపడ్డాయి. 1931లో విజయనగరం–రాయ్‌పూర్ లైను పూర్తయ్యాక రాకపోకలు సులువయ్యాయి. 2003 నుంచి ఆగ్నేయ మధ్య రైల్వే జోన్‌కు కేంద్రం బిలాస్‌పూరే. విశాఖ–కోర్బా ఎక్స్‌ప్రెస్ ఇప్పటికీ రాయగడ, టిట్లాగఢ్, రాయ్‌పూర్‌ల మీదుగా ఈ స్టేషన్‌కు చేరి చాంపా వైపు సాగుతుంది.

చరిత్ర

కల్లు నాలుగు రోజులు నిలవ ఉంటే పులిసి, ఘాటెక్కి, తాగడానికి పనికిరాకుండా పోతుంది. గాలిలో ఉండే ఎసిటోబాక్టర్ జాతి సూక్ష్మజీవులు అందులోని ఆల్కహాలును ఎసిటిక్ ఆమ్లంగా మార్చడమే కారణం. మనిషికి మొదట తెలిసిన ఆమ్లం బహుశా ఇదే. ఎసిటిక్ అన్న మాట కూడా వెనిగర్‌కు లాటిన్ పేరైన ఎసిటమ్ నుంచి వచ్చింది. తెలుగు వంటలో పులుపంటే చింతపండు, మామిడికాయ, మజ్జిగ. ఉత్తరాంధ్ర ఇళ్లలోని తరవాణి పులుపు ప్రధానంగా లాక్టిక్ ఆమ్లానిది. అందుకే మన వంటింట్లో వెనిగర్‌కు పాత తెలుగు పేరంటూ స్థిరపడలేదు. హైదరాబాదులో సిర్కా అంటారు, మిగతాచోట్ల వెనిగర్ అనే అంటారు.

వెనిగర్‌ను ఎంత మరిగించి బట్టీ పట్టినా నీరు పూర్తిగా వదలదు. నీరు 100 డిగ్రీల వద్ద, ఆమ్లం 118 డిగ్రీల వద్ద మరుగుతాయి. అంతరం తక్కువ కాబట్టి రెండూ కలిసే పైకి వస్తాయి. పూర్వపు రసవాదులు రాగి ఎసిటేట్ లవణాన్ని వేడిచేసి బలమైన ఆమ్లాన్ని రాబట్టేవారు. 1789లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో టోబియాస్ లోవిట్జ్ గాఢ ఆమ్లాన్ని చల్లబరచి స్ఫటికాలుగా వేరుచేశాడు. 1845లో జర్మన్ శాస్త్రవేత్త హెర్మన్ కోల్బే కార్బన్ డైసల్ఫైడ్‌తో మొదలుపెట్టి అంచెలంచెలుగా ఎసిటిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేశాడు. జీవపదార్థాల నుంచి మాత్రమే పుడతాయనుకున్న సమ్మేళనాలను ప్రయోగశాలలోనూ చేయవచ్చన్న వాదానికి అది గట్టి ఊతమైంది.

గడ్డకట్టే గుణం

నీరు గడ్డకడితే వ్యాకోచిస్తుంది, మంచు నీటిపై తేలుతుంది. ఎసిటిక్ ఆమ్లం తీరు దీనికి తలకిందులు. ఘనరూపంలో దీని సాంద్రత ద్రవరూపం కన్నా ఎక్కువ (సుమారు 1.27, ద్రవానికి 1.05). కాబట్టి గడ్డకట్టేటప్పుడు కుంచించుకుపోతుంది, స్ఫటికాలు అడుగుకు దిగుతాయి. ప్రమాదం కరిగేటప్పుడే ఎక్కువ. గట్టిపడ్డ గాజు సీసాను అడుగునుంచి వేడిచేస్తే కింద కరిగిన ద్రవం వ్యాకోచిస్తుంది. పైన ఇంకా గట్టిగా ఉన్న భాగం బిరడాలా అడ్డుపడుతుంది. సీసా పగిలి ఆమ్లం చిమ్మే వీలుంది.

ఆమ్లంలో కాస్త నీరు చేరినా గడ్డకట్టే ఉష్ణోగ్రత దిగిపోతుంది. లెక్క సులువు: ప్రతి 0.1 శాతం నీటికి సుమారు 0.2 డిగ్రీలు తగ్గుతుంది. 99 శాతం ఆమ్లం 15 డిగ్రీలకు కొంచెం దిగువన, 98 శాతం ఆమ్లం 13 డిగ్రీల ప్రాంతంలో గట్టిపడతాయి. 80 శాతం ఆమ్లం సున్నా దాటి ఇంకా కిందికి వెళ్తే గాని గట్టిపడదు. శుద్ధతను తేల్చడానికి ఇది నమ్మకమైన పరీక్ష. గ్లేషియల్ ఆమ్లం 15.6 డిగ్రీల కన్నా తక్కువ వద్ద గడ్డకట్టకూడదని అమెరికా ఔషధ ప్రమాణ గ్రంథం నియమం పెట్టింది. బిలాస్‌పూర్ గోదాములో జనవరి తెల్లవారుజామున పన్నెండు డిగ్రీల చలిలోనూ గ్లేషియల్ లేబుల్ ఉన్న క్యాన్ గలగలమంటూ ద్రవంగానే ఉందంటే అనుమానించాల్సిందే. అతిచలి ద్రవస్థితిలో నిలిచిపోయి ఉండొచ్చు, లేదా అందులో నీరు కలిసి ఉండొచ్చు. క్యాన్‌ను కొంచెం కదిపినా, ఒక చిన్న స్ఫటికం వేసినా మొదటిదైతే చప్పున గడ్డకడుతుంది.

సగం గడ్డకట్టిన పీపాతో మరో చిక్కుంది. ముందుగా స్ఫటికాలయ్యేది శుద్ధమైన ఆమ్లం. నీరు, మలినాలు మిగిలిన ద్రవంలో పోగుపడతాయి. అలాంటి పీపా పైనుంచి నమూనా తీస్తే సరుకు పలచగా ఉన్నట్టు తేలుతుంది, అడుగునుంచి తీస్తే మేలైనదిగా తేలుతుంది. రెండూ పీపా మొత్తానికి నిజం కావు. పూర్తిగా కరిగించి, బాగా కలిపాకే నమూనా తీయాలి.

సాంద్రత చేసే మోసం

చెరకురసానికో, పాలకో, బ్యాటరీ ఆమ్లానికో హైడ్రోమీటర్ ముంచి చిక్కదనం చెప్పేస్తారు. ఎసిటిక్ ఆమ్లం దగ్గర ఆ సాధనం పనిచేయదు. 20 డిగ్రీల వద్ద నూరుశాతం ఆమ్లం సాంద్రత 1.05. నీరు కలిపితే తగ్గాల్సింది పోయి పెరుగుతుంది. 80 శాతానికి కాస్త అటూఇటూ గరిష్ఠంగా 1.07కు చేరి, అక్కడినుంచి తగ్గడం మొదలుపెడుతుంది. చివరికి సుమారు 41 శాతం వద్ద మళ్లీ 1.05 చూపిస్తుంది. అంటే హైడ్రోమీటర్ 1.05 చూపిందంటే అది గ్లేషియల్ ఆమ్లమైనా కావచ్చు, సగానికి పైగా నీరైనా కావచ్చు. ఆమ్లం, నీటి అణువులు కలిసినప్పుడు ఒకదానికొకటి దగ్గరగా ఒదిగి మొత్తం పరిమాణం తగ్గడం దీనికి మూలం. కాబట్టి గాఢతను సోడియం హైడ్రాక్సైడుతో టైట్రేషన్ చేసిగానీ, గడ్డకట్టే ఉష్ణోగ్రత చూసిగానీ తేల్చుకోవాలి. నీటి శాతాన్ని నేరుగా తెలుసుకోవడానికి కార్ల్ ఫిషర్ పద్ధతి ఉంది.

గాఢత వేరు, బలం వేరు

గాఢ ఆమ్లం, బలమైన ఆమ్లం అన్న మాటలను ఒకదానికి బదులు ఒకటి వాడటం మామూలు పొరపాటు. గాఢత అంటే ద్రావణంలో ఎంత ఆమ్లముందన్న లెక్క. బలం అంటే నీటిలో ఆ ఆమ్లం ఎంతవరకు అయాన్లుగా విడిపోతుందన్న లెక్క. గ్లేషియల్ ఎసిటిక్ ఆమ్లం లీటరుకు సుమారు 17.4 మోల్‌లు ఉండే గాఢ ద్రవం. అయినా ఇది బలహీన ఆమ్లమే, బలాన్ని సూచించే పీకేఏ విలువ 4.76. ఒక మోలార్ ద్రావణంలో వెయ్యి అణువుల్లో నాలుగు మాత్రమే అయాన్లవుతాయి. నీరు లేని శుద్ధ ఆమ్లంలో అయాన్లు ఇంకా తక్కువ కాబట్టి విద్యుత్తు దాదాపు ప్రవహించదు. అణువులు జంటలుగా హైడ్రోజన్ బంధాలతో ముడిపడి ఉండటం దీని మరో విశేషం. ఆవిరిలోనూ ఈ జంటలు చాలావరకు విడిపోవు.

బలహీనమన్న మాట విని చర్మం విషయంలో ధీమా పడకూడదు. చర్మాన్ని, కంటిని కాల్చేది గాఢత. బలహీన ఆమ్లమైన గ్లేషియల్ ఎసిటిక్ ఆమ్లం చర్మంలోకి లోతుగా దిగి బొబ్బలెత్తిస్తుంది.

రసాయనికంగా ఇది ఇనుమును, ఉక్కును, ఇత్తడిని తింటుంది. ఆల్కహాలుతో కలిసి ఎస్టర్లనిస్తుంది. కార్బొనేట్లు తగిలితే కార్బన్ డయాక్సైడు పొంగుతుంది. నైట్రిక్, క్రోమిక్ ఆమ్లాలు, పెర్మాంగనేట్, గాఢ హైడ్రోజన్ పెరాక్సైడ్ వంటి ఆక్సీకరణులతో కలిస్తే తీవ్రంగా చర్య జరిగి మంట లేవవచ్చు. బ్లీచింగ్ పౌడరుతో కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది.

తయారీ

సూక్ష్మజీవుల పద్ధతిలో పలచని ఆమ్లమే వస్తుంది. 19వ శతాబ్దంలో గాఢ ఆమ్లానికి ప్రధాన వనరు కట్టె. గాలి చొరని బట్టీలో కట్టెను కాలిస్తే బొగ్గుతోపాటు ఎసిటిక్ ఆమ్లం, మిథనాలు కలిసిన ద్రవం దిగుతుంది. మన దక్షిణాదిలో 1923లో పని మొదలుపెట్టిన భద్రావతి ఇనుప కర్మాగారం కట్టెబొగ్గుతో నడిచింది. అక్కడి బట్టీల నుంచి వచ్చే ఆవిర్లను వదిలేయకుండా కాల్షియం ఎసిటేట్‌గా, మిథనాలుగా మలిచే ప్లాంటు ఉండేది. తెలుగు మూలాలున్న మోక్షగుండం విశ్వేశ్వరయ్య ఆ కర్మాగారాన్ని నడిపించినవారిలో ప్రముఖుడు.

తర్వాతి వనరు చెరకు. చక్కెర మిల్లుల మొలాసిస్‌ను పులియబెట్టి స్పిరిట్, స్పిరిట్ నుంచి ఎసిటాల్డిహైడ్, దాన్ని ఆక్సీకరించి ఎసిటిక్ ఆమ్లం: ఈ వరుస భారతదేశంలో చాలాకాలం నడిచింది. తణుకులో 1947లో ముళ్లపూడి హరిశ్చంద్ర ప్రసాద్ స్థాపించిన ఆంధ్రా షుగర్స్ చక్కెరతో ఆగక స్పిరిట్ ఆధారిత రసాయనాల్లోకి, ఆస్పిరిన్ తయారీలోకి వెళ్లింది. గోదావరి జిల్లాల చెరకుతోటకూ మందుబిళ్లకూ మధ్యనున్న లంకె ఎసిటిక్ సమ్మేళనాలే.

ఇప్పుడు ప్రపంచంలో ఎక్కువ భాగం మిథనాలు, కార్బన్ మోనాక్సైడుల కలయికతో తయారవుతోంది. 1960లో బాస్ఫ్ కంపెనీ కోబాల్ట్ ఉత్ప్రేరకంతో, 1970లో మోన్‌సాంటో రోడియంతో, 1996లో బీపీ ఇరిడియంతో ఈ పద్ధతిని పరిశ్రమ స్థాయిలో నడిపించాయి. మూడింటిలోనూ అయోడిన్ సమ్మేళనం తోడుండాలి. మన దేశంలో గుజరాత్‌లోని భరూచ్‌లో జీఎన్‌ఎఫ్‌సీ మిథనాలు దారిలో తయారుచేస్తోంది. దేశీయ అవసరంలో పెద్ద భాగం దిగుమతి సరుకే తీరుస్తోంది. మిథనాలును సహజవాయువు నుంచీ, బొగ్గు నుంచీ చేయవచ్చు. చైనాలో బొగ్గు దారే ప్రధానం. బిలాస్‌పూర్ కేంద్రంగా ఉన్న సౌత్ ఈస్టర్న్ కోల్‌ఫీల్డ్స్ తవ్వే బొగ్గు మాత్రం ముఖ్యంగా విద్యుత్ కేంద్రాల బాయిలర్లకే వెళ్తోంది.

గ్రేడ్లు

ఎసిటిక్ ఆమ్లం కొనేటప్పుడు గాఢతను, గ్రేడును విడివిడిగా చూడాలి. 99.8 శాతం ఉన్న రెండు సరుకుల్లో ఒకటి రంగుల అద్దకానికి మాత్రమే పనికిరావచ్చు, రెండోది మందుల తయారీకి పనికిరావచ్చు. తేడా మిగిలిన 0.2 శాతంలో ఏముందన్న దానిలో ఉంటుంది.

టెక్నికల్ లేదా ఇండస్ట్రియల్ గ్రేడు: సాధారణంగా 99.5 నుంచి 99.85 శాతం. అద్దకం, ఎస్టర్లు, జిగుర్ల తయారీకి. భారత ప్రమాణాల సంస్థ ఎసిటిక్ ఆమ్లానికి ఇచ్చిన ప్రమాణం సంఖ్య ఐఎస్ 695. ఫార్మిక్ ఆమ్లం, ఎసిటాల్డిహైడ్, ఇనుము, క్లోరైడ్, సల్ఫేట్ వంటి మలినాలను ఇందులో పరీక్షిస్తారు. మిథనాలు దారిలో వచ్చిన సరుకులో అయోడైడ్ లేశమాత్రంగా మిగిలినా వినైల్ ఎసిటేట్ ప్లాంటులోని ఉత్ప్రేరకాన్ని పాడుచేస్తుంది.

ఫుడ్ గ్రేడు: ఆహార సంకలితంగా సంఖ్య ఐఎన్‌ఎస్ 260. సీసం, ఆర్సెనిక్ వంటి విష లోహాలపై పరిమితి కఠినంగా ఉంటుంది.

ఫార్మకోపియా గ్రేడు: భారత, బ్రిటిష్, అమెరికా ఔషధ ప్రమాణ గ్రంథాల ముద్రలతో (ఐపీ, బీపీ, యూఎస్‌పీ) వస్తుంది. సులువుగా ఆక్సీకరణమయ్యే మలినాలను పెర్మాంగనేట్‌తో పట్టుకుంటారు. నీరు కలిపిన నమూనాలో ఒక చుక్క వేస్తే గులాబీ రంగు రెండు గంటలపాటు గోధుమరంగులోకి మారకుండా నిలవాలి.

ఏఆర్, హెచ్‌పీఎల్‌సీ గ్రేడులు: ప్రయోగశాల విశ్లేషణకు. అమెరికన్ కెమికల్ సొసైటీ ప్రమాణం కనీసం 99.7 శాతం. హెచ్‌పీఎల్‌సీ రకంలో అతినీలలోహిత కాంతిని పీల్చే మలినాలు ఉండకూడదు.

పలచన రకాలు: 80 శాతం, 33 శాతం, 6 శాతం వంటి బలాల్లోనూ దొరుకుతుంది. చలికాలంలో గడ్డకట్టే బెడద తప్పించుకోవడానికి కొందరు 80 శాతం రకం ఎంచుకుంటారు.

రికవరీ ఆమ్లం: మందుల ఫ్యాక్టరీల్లో చర్య ముగిశాక వెనక్కి రాబట్టిన ఆమ్లం. చవక. కానీ మునుపటి తయారీ తాలూకు అవశేషాలు ఉండే అవకాశముంది గనుక ఆహారానికి, వైద్యానికి దీన్ని దరిచేరనివ్వకూడదు.

పరిశ్రమలో

తయారయ్యే ఆమ్లంలో ఎక్కువ వాటా వినైల్ ఎసిటేట్‌కు పోతుంది. గోడరంగులు, వడ్రంగులు వాడే తెల్ల జిగురు దాని నుంచే వస్తాయి. పాలిస్టర్ దారానికి, నీళ్ల సీసాకు ముడిసరుకైన టెరిఫ్తాలిక్ ఆమ్లాన్ని తయారుచేసేటప్పుడు ద్రావణిగా వాడేదీ ఎసిటిక్ ఆమ్లమే. ఎసిటిక్ ఎన్‌హైడ్రైడ్, ఇథైల్ ఎసిటేట్, మోనోక్లోరో ఎసిటిక్ ఆమ్లం మిగతా పెద్ద ఉత్పత్తులు.

తెలుగునాట ఈ ఆమ్లాన్ని బాగా వాడేది హైదరాబాదు చుట్టుపక్కల బల్క్‌డ్రగ్ పరిశ్రమ. పారా అమైనోఫీనాల్‌కు ఎసిటైల్ సమూహం అతికిస్తే పారాసిటమాల్, సాలిసిలిక్ ఆమ్లానికి అతికిస్తే ఆస్పిరిన్. ఆ మందుల నాణ్యత పరీక్షలోనూ ఇది ఉంటుంది. క్షారగుణం బలహీనంగా ఉన్న మందులను నీటిలో టైట్రేట్ చేస్తే ముగింపు స్పష్టంగా కనిపించదు. అందుకే గ్లేషియల్ ఆమ్లంలో కరిగించి, పెర్క్లోరిక్ ఆమ్లంతో, క్రిస్టల్ వయొలెట్ సూచికతో టైట్రేట్ చేస్తారు. నీరు లేని ఆమ్లంలో బలహీన క్షారం కూడా బలమైనదానిలా ప్రవర్తిస్తుంది.

కోసా పట్టు అద్దకం

బిలాస్‌పూర్ నుంచి హౌరా లైనులో సుమారు 50 కిలోమీటర్ల దూరంలో చాంపా ఉంది. 1998 దాకా అది బిలాస్‌పూర్ జిల్లాలోనిదే. అక్కడ కోసా అనే పట్టునే మహాదేవ్‌పూర్ ప్రాంతపు తెలంగాణ నేతగాళ్లు దసలి పట్టు అంటారు. రెండుచోట్లా పురుగు ఒకటే, అది ముఖ్యంగా మేసేది మద్దిచెట్ల ఆకులు. చాంపా పట్టుకు భౌగోళిక గుర్తింపు ఉంది.

దసలి గూళ్లను సోడా, సబ్బుల నీళ్లలో ఉడికించి జిగురు తీస్తారు. దారంలో మిగిలే క్షారాన్ని విరవడానికి పలచని ఎసిటిక్ ఆమ్లపు నీళ్లలో జాడిస్తారు. తర్వాత అద్దకం. ఆమ్లరంగుల తొట్టిలో పీహెచ్ నాలుగు, ఐదుల మధ్య ఉండేలా ఎసిటిక్ ఆమ్లం కలుపుతారు. ఆమ్లం వల్ల పట్టు ప్రోటీన్‌లోని అమైనో సమూహాలు ధనావేశం పొందుతాయి. ఋణావేశమున్న రంగు అణువులు వాటికి అతుక్కుంటాయి. పీహెచ్ మరీ తగ్గితే రంగు ఒక్కసారిగా పట్టి మచ్చలు పడుతుంది. సల్ఫ్యూరిక్ ఆమ్లమూ ఈ పని చేయగలదు, కానీ కడగడంలో మిగిలిపోతే ఆరేకొద్దీ చిక్కబడి దారాన్ని కొరికేస్తుంది. ఎసిటిక్ ఆమ్లం నీటితోపాటే ఆవిరైపోతుంది. చివరి జాడింపులో కాస్త ఆమ్లం కలిపితే పట్టును చేత్తో నలిపినప్పుడు గరగరమనే శబ్దం వస్తుంది. కొనేవారు దాన్ని మేలి పట్టుకు గుర్తుగా చూస్తారు.

ఆస్పత్రిలో, ప్రయోగశాలలో

చిన్న పట్టణంలోని ల్యాబులో కూడా ఒక సీసా గ్లేషియల్ ఆమ్లం ఉంటుంది. తెల్లరక్తకణాలను లెక్కించే ద్రవంలో ఒకటి రెండు శాతం ఈ ఆమ్లం, కాస్త ఊదారంగు ఉంటాయి. ఆమ్లం ఎర్రకణాలను చిట్లగొడుతుంది, రంగు తెల్లకణాల కేంద్రకాలను చూపిస్తుంది. మూత్రంలో ప్రోటీన్ కోసం చేసే పాత పరీక్షలో పరీక్షనాళికను వేడిచేస్తే తెల్లగా మారుతుంది. అది ఫాస్ఫేటా, ప్రోటీనా అన్న సందేహం తీర్చేవి పలచని ఎసిటిక్ ఆమ్లపు చుక్కలు. ఫాస్ఫేట్ అయితే కరిగిపోతుంది, ప్రోటీన్ అయితే నిలుస్తుంది.

చత్తీస్‌గఢ్‌లో సికిల్‌సెల్ వ్యాధి ఎక్కువ. బిలాస్‌పూర్ రైల్వే డివిజన్‌లోనే ఉన్న షాడోల్‌లో 2023 జులై 1న ఈ వ్యాధి నిర్మూలనకు జాతీయ మిషన్ ప్రారంభమైంది. వ్యాధి నిర్ధారణకు వాడే ఒక పద్ధతిలో హీమోగ్లోబిన్ రకాలను సెల్యులోజ్ ఎసిటేట్ పొరపై విద్యుత్తుతో విడదీస్తారు. పోన్సో ఎస్ రంగు పట్టించి, అదనపు రంగును ఐదు శాతం ఎసిటిక్ ఆమ్లంతో కడిగితే గీతలు తేలతాయి. పొర పుట్టిందీ, గీత కనిపించిందీ ఈ ఆమ్లం వల్లే.

గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను ముందుగా పట్టుకునే వీఐఏ పరీక్షకు కావలసింది 3 నుంచి 5 శాతం ఎసిటిక్ ఆమ్లం, మంచి వెలుతురు, శిక్షణ పొందిన నర్సు. ఆమ్లం అద్దిన నిమిషానికి అనుమానాస్పద కణజాలం తెల్లబడుతుంది. ముంబయి మురికివాడల్లో టాటా మెమోరియల్ ఆస్పత్రి నడిపిన పెద్ద అధ్యయనంలో ఈ పరీక్ష వల్ల ఆ క్యాన్సర్ మరణాలు 31 శాతం తగ్గాయని తేలింది. ఐదు మిల్లీలీటర్ల గ్లేషియల్ ఆమ్లాన్ని 95 మిల్లీలీటర్ల నీటిలో కలిపితే ఐదు శాతం ద్రావణం సిద్ధం. ఇక్కడ పొరపాటుకు తావు లేదు. పలచన చేయని ఆమ్లం శరీరం లోపలి పొరను కాల్చేస్తుంది. కాబట్టి తయారుచేసిన ద్రావణం సీసాపై గాఢత, తేదీ రాయడం తప్పనిసరి.

వృక్షశాస్త్ర విద్యార్థులు ఉల్లివేరు కొనలను మూడుపాళ్ల ఆల్కహాలు, ఒకపాలు గ్లేషియల్ ఆమ్లంలో నిలవచేసి, 45 శాతం ఆమ్లంలో కరిగిన కార్మైన్ రంగుతో క్రోమోజోములను చూస్తారు. డిజిటల్ రాకముందు ఫొటో స్టూడియోల చీకటిగదుల్లో డెవలపర్ పనిని ఆపడానికి పలచని ఎసిటిక్ ఆమ్లం వాడేవారు. సినిమా రీళ్లలో ఈ ఆమ్లం అనుకోకుండా పుడుతుంది. సెల్యులోజ్ ట్రైఎసిటేట్ ఫిల్మ్ ఉక్కలో, వేడిలో నిలవ ఉంటే విచ్ఛిన్నమై ఎసిటిక్ ఆమ్లాన్ని వదులుతుంది. రీలుపెట్టె తెరవగానే వెనిగర్ వాసన కొట్టిందంటే ఆ ఫిల్మ్ చివరిదశకు వచ్చినట్టే.

ఆహారంలో

మన దేశ ఆహార నియమాల ప్రకారం వెనిగర్‌లో కనీసం 3.75 శాతం ఎసిటిక్ ఆమ్లం ఉండాలి. పులియబెట్టి చేసింది బ్రూడ్ వెనిగర్. ఫుడ్ గ్రేడు ఆమ్లాన్ని నీటిలో కలిపి చేసింది సింథటిక్ వెనిగర్, అలా చేసినట్టు లేబుల్‌పై స్పష్టంగా రాయాలి. నూడుల్స్ బండి మీద కనిపించే తెల్లని సీసాలో చాలాచోట్ల ఉండేది రెండో రకం. రెండింటి పులుపూ ఒకే అణువుది. బ్రూడ్ వెనిగర్‌లో మాత్రం పులిసిన పండు, గింజల తాలూకు ఇతర రుచులు తోడవుతాయి. టెక్నికల్ గ్రేడు క్యాన్ చవకగా దొరికిందని దాన్ని పలచన చేసి పచ్చళ్లకు వాడటం నేరమే కాదు, ప్రమాదం కూడా.

నిల్వ, రవాణా

పెద్ద మొత్తాలకు 316 రకం స్టెయిన్‌లెస్ స్టీలు ట్యాంకులు, చిల్లరకు గట్టి పాలిథీన్ క్యాన్లు, ప్రయోగశాలకు గాజు సీసాలు వాడతారు. మామూలు ఇనుప డబ్బా పనికిరాదు. చలికాలంలో గది 20 డిగ్రీలకు తగ్గకుండా చూడాలి. గడ్డకట్టిన క్యాన్ మూతను కొంచెం వదులుచేసి, గోరువెచ్చని నీటి తొట్టిలో నిదానంగా కరిగించాలి. పొయ్యి, హీటరు, మంట దగ్గరకు తేకూడదు. వేసవిలో గాలాడే నీడపట్టున, నిప్పురవ్వలకు దూరంగా ఉంచాలి. గాలిలో దీని ఆవిరి సుమారు 4 నుంచి 20 శాతం మధ్య ఉంటే పేలుడు మిశ్రమమవుతుంది.

రవాణాలో 80 శాతానికి మించిన ఆమ్లానికి ఐక్యరాజ్యసమితి సంఖ్య 2789. ప్రధాన ప్రమాదం తాకినదాన్ని తినివేసే గుణం, ఉపప్రమాదం మండే గుణం. పది శాతానికి మించి 80 శాతం వరకు ఉంటే సంఖ్య 2790. రైలు ప్రయాణికుడు దీన్ని సామానులో పెట్టుకుని ఎక్కకూడదు. 1989 రైల్వే చట్టంలోని 67వ సెక్షన్ ప్రమాదకర సరుకును ముందు తెలియజేయకుండా తీసుకెళ్లడాన్ని నిషేధిస్తుంది, 164వ సెక్షన్ శిక్ష చెబుతుంది. విశాఖలో కొన్న క్యాన్‌ను సీటు కింద తోసి బిలాస్‌పూర్‌లో దించుకుందామనుకోవడం తోటి ప్రయాణికుల ప్రాణాలతో ఆట.

ప్రమాదాలు, ప్రథమ చికిత్స

పనిచేసేచోట ఎనిమిది గంటల సగటున గాలిలో మిలియన్‌కు పది భాగాలు మించకూడదన్నది అంగీకృత పరిమితి. 50 భాగాలకు చేరితే తక్షణ ప్రమాదం. చర్మంపై పడితే నొప్పి, బొబ్బలు కొన్ని గంటల తర్వాత కూడా తేలవచ్చు. పలుచని రబ్బరు చేతితొడుగుల్లోంచి ఇది త్వరగా దూరిపోతుంది, బ్యుటైల్ రబ్బరు తొడుగులు మేలు. చర్మంపైనో కంట్లోనో పడితే కనీసం పదిహేను నిమిషాలు ధారగా నీటితో కడగాలి. సోడా రుద్ది విరవబోతే పుట్టే వేడి గాయాన్ని పెంచుతుంది. మింగినవారికి వాంతి చేయించకూడదు, వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లాలి. తాగునీటి సీసాలో ఆమ్లం పోసి ఉంచడం ఎన్నో విషాదాలకు మూలం. రంగు లేదు, ద్రవం నీళ్లలాగే ఉంటుంది, దాహంతో ఉన్నవాడు తాగేముందు వాసన చూడడు.

చట్టం

2013 జులైలో సుప్రీంకోర్టు యాసిడ్ దాడుల కేసులో ఇచ్చిన ఆదేశాలతో ఆమ్లాల చిల్లర అమ్మకంపై ఆంక్షలు వచ్చాయి. అదే ఏడాది కేంద్రం రాష్ట్రాలకు పంపిన నమూనా విష పదార్థాల నియమాల జాబితాలో 25 శాతానికి మించిన ఎసిటిక్ ఆమ్లం ఉంది. అమ్మేవారికి లైసెన్సు, కొనేవారికి గుర్తింపు కార్డు, పద్దెనిమిదేళ్లు నిండిన వయసు, ఎందుకు కొంటున్నదీ రిజిస్టరులో నమోదు అవసరం. దీని నుంచి తయారయ్యే ఎసిటిక్ ఎన్‌హైడ్రైడ్‌పై నిఘా మరింత గట్టిది. హెరాయిన్ తయారీలో వాడతారు గనుక అది 1993 నుంచి మాదకద్రవ్యాల చట్టం కింద నియంత్రిత పదార్థం.

గాఢత ఎంత, గ్రేడు ఏది, ఈ రోజు గదిలో ఎన్ని డిగ్రీలు? ఎసిటిక్ ఆమ్లం క్యాన్ మూత తీసే ముందు అడగాల్సిన ప్రశ్నలు ఈ మూడే. మొదటి రెండింటికీ జవాబు లేబుల్ మీద ఉంటుంది. మూడోదానికి గోడకు ఒక థర్మామీటర్ తగిలించాలి.